గోడపాలయ్యే వెలుగు

పాత మీడియం ఫార్మాట్ లెన్సును చిన్న డిజిటల్ కెమెరాకు తగిలించి తీసిన ఫొటో కింద ‘మీడియం ఫార్మాట్ లుక్’ అని రాసి ఉంటే నా మనసు చివుక్కుమంటుంది. లెన్సు మంచిదే, చాలాసార్లు ఫొటో కూడా బాగానే ఉంటుంది. ఆ మాట తప్పు. ఆ ఒక్క మాటతో పోయేదైతే ఊరుకోవచ్చు. కానీ దాన్ని నమ్మి కొన్నవాళ్లు ఆ లెన్సులో ఉన్న అసలు సొత్తును ముట్టుకోకుండానే మోజు తీరి బీరువాలో పడేస్తున్నారు.

ఆ సొత్తేమిటో కంటితో చూడొచ్చు. పగటిపూట గదిని చీకటి చేసి, ఒక్క కిటికీ తెరిచి, పెంటకాన్ సిక్స్ కెమెరాకు తగిలించే 80 మి.మీ. బయోమెటార్ లెన్సును అటు తిప్పి పట్టుకోండి. మౌంటుకు ఏడున్నర సెంటీమీటర్ల వెనక తెల్ల కాగితం పెడితే బయటి చెట్టూ ఆకాశమూ తలకిందులుగా వచ్చి దాని మీద వాలతాయి. 56 మి.మీ. చదరపు ఫిల్మును మూలలదాకా నింపాల్సిన లెన్సు కనుక ఆ వెలుగు చక్రం అడ్డంగా దాదాపు 8 సెం.మీ. ఉంటుంది. ఇప్పుడు దాని మధ్యలో 36 బై 24 మి.మీ. కాగితం ముక్క ఉంచండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ అంతే. ఆ ఫిల్ము చదరంలో నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువ. మిగతా బొమ్మంతా అడాప్టర్ లోపలి గోడకు తగిలి ఆరిపోతుంది. ఆరిపోతే మేలే. గోడ నలుపు సరిగా లేకపోతే ఆ వెలుగు చెదిరి సెన్సర్ మీదికే వచ్చి ఫొటోలోని నలుపును బూడిద చేస్తుంది.

లెన్సు ఏ కెమెరా కోసం పుట్టిందో సెన్సర్‌కు తెలియదు. పర్‌స్పెక్టివ్ మనం నిలబడ్డ చోటును బట్టి వస్తుంది. 80 మి.మీ., ఎఫ్ 2.8 లెన్సు తన సొంత ఫిల్ము మీద, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో చెప్పాలంటే, 44 మి.మీ., ఎఫ్ 1.5 లెన్సులా చూస్తుంది. చూపు విశాలం, ఫోకస్ పొర పలచన. ‘లుక్’ అంటూ ఏదైనా ఉంటే ఈ రెండూ కలిసి ఉండటమే. ఫుల్ ఫ్రేమ్‌కు తగిలించగానే ఆ విశాలత పోతుంది, మామూలు 80 మి.మీ. లెన్సు మిగులుతుంది. ఏ షాపులోనైనా దొరికే 85 మి.మీ., ఎఫ్ 1.8 లెన్సు అంతకన్నా ఎక్కువ బ్లర్ ఇస్తుంది. ఇదే మౌంటులో అందరూ మెచ్చుకునే 180 మి.మీ. సోనార్ మొదట 1936 బెర్లిన్ ఒలింపిక్స్ కోసం, 35 మి.మీ. కాంటాక్స్ కెమెరాకు తయారైంది. పెద్ద ఫిల్ముకు అది తర్వాత వచ్చింది. అలాంటి లెన్సుకు ‘మీడియం ఫార్మాట్ ఆత్మ’ ఎక్కడినుంచి వచ్చినట్టు?

మధ్యభాగమే వాడతాం కాబట్టి అంచుల లోపాలు పోతాయి కదా అంటారు. నిజమే, మూలలు నల్లబడవు. కానీ 56 సెం.మీ. ఎత్తు ప్రింటుకు ఆ ఫిల్మును పది రెట్లు పెంచితే సరిపోయేది, 24 మి.మీ. సెన్సర్ బొమ్మను ఇరవైమూడు రెట్లు పెంచాలి. లెన్సులో ఏ మెతకదనం ఉన్నా అదీ రెట్టింపుకు మించి పెరుగుతుంది. 0.7 రెట్ల ఫోకల్ రెడ్యూసర్ వేస్తే 80 మి.మీ. లెన్సు 56 మి.మీ., ఎఫ్ 2 అవుతుంది, బొమ్మలో సగానికి పైగా దక్కుతుంది. ఆ మార్గం నాకు సమ్మతమే.

అంతకన్నా మంచి మార్గం షిఫ్ట్ అడాప్టర్. ఈ లెన్సుల వెనక 74 మి.మీ. ఎడం ఉంటుంది, మిర్రర్‌లెస్ కెమెరాకు 18 మి.మీ. చాలు. మిగిలిన చోటులో లెన్సును పైకీ పక్కకీ జరిపే యంత్రం హాయిగా ఇమిడిపోతుంది. మంగళగిరి గాలిగోపురాన్నే తీసుకోండి, 11 అంతస్తులు, 153 అడుగులు. కెమెరాను పైకెత్తితే గోపురం వెనక్కి వాలినట్టు పడుతుంది. ఎత్తకుండా, ఇదే మౌంటుకు వచ్చే 50 మి.మీ. ఫ్లెక్టోగాన్ లెన్సుతో నిలువు ఫ్రేములో శిఖరం అందాలంటే దాదాపు 410 అడుగులు వెనక్కి పోవాలి. లెన్సును 15 మి.మీ. పైకి జరిపితే 225 అడుగులు చాలు. నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. 35 మి.మీ. ఫార్మాట్‌కే చేసిన పేరున్న షిఫ్ట్ లెన్సులు 11, 12 మి.మీ. జరుగుతాయి. ఇరుకు వీధిలో వాటి 24 మి.మీ. చూపుకు ఇది సాటి రాదు, ఒప్పుకుంటాను. కానీ అదే నిలువు ఫ్రేమును అటూ ఇటూ 15 మి.మీ. చొప్పున జరుపుతూ మూడు ఫొటోలు తీసి అతికితే 54 బై 36 మి.మీ. బొమ్మ చేతికొస్తుంది. అందరూ చెప్పే ఆ లుక్ అప్పుడు నిజంగా వస్తుంది. కదలని వస్తువైతేనే సుమా!

ప్రాక్టిసిక్స్‌గా మొదలై 1966లో పెంటకాన్ సిక్స్ అయిన ఆ డ్రెస్డెన్ కెమెరాకు ఫిల్ము సరిగా తిప్పదనే చెడ్డపేరుంది, ఒక ఫ్రేము మీద ఇంకోటి ఎక్కేది. యేనాలో చేసిన దాని లెన్సులకు మాత్రం ఆ మచ్చ అంటలేదు. కీవ్‌లోని ఆర్సెనల్ ఫ్యాక్టరీ కూడా ఇదే మౌంటుకు లెన్సులు చేసింది. ఇలాంటివాటిలో ఒకటి మీ చేతికొస్తే, దయచేసి మొదట జరిగే అడాప్టరే కొనండి.