తాళం లేని పాట

పద్యం అంటే నాకు పడేది కాదు. పుస్తకంలో పద్యం సంగతి కాదండీ, తెలుగు మాస్టారి బెత్తం పుణ్యమా అని అవి బాగానే వచ్చేవి. నేను చెప్పేది స్టేజీ పద్యం గురించి. పక్కన హార్మోనియం, ముందు మైకు, నాలుగు పాదాలూ అయిపోయాక కూడా వదలకుండా "ఆ..." అంటూ ఊరి చివర చెరువు దాకా లాక్కెళ్ళే పద్యం.

మాది శ్రీకాకుళం జిల్లా, సోంపేట దగ్గర పల్లెటూరు. శ్రీరామనవమికో అమ్మవారి పండక్కో "సత్య హరిశ్చంద్ర" పడాల్సిందే. రాత్రి పదింటికి మొదలుపెడితే కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజాము మూడు. మా నాన్న ముందు వరసలో చాప మీద కూర్చునేవాడు. పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని కేకలేసేవారు. చంద్రమతి ఏడుపు ఆపుకుని మళ్ళీ మొదటి నుంచీ ఏడ్చేది. పాము కరిచి చచ్చిపోయిన లోహితాస్యుడు కాస్త సర్దుకుని మళ్ళీ చచ్చేవాడు. అప్పటికి నేను నాన్న ఒళ్ళో ఎప్పుడో నిద్రపోయి ఉండేవాణ్ణి.

ఇంట్లోనూ అదే గోల. డి.వి. సుబ్బారావు గారి కేసెట్లు టేపురికార్డరులో నలిగి నలిగి మూలిగేవి. ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్ళాక ఆ బాధ తప్పింది. అక్కడ మణిశర్మ, రెహమాన్. దరువు లేకపోతే అది పాటెలా అవుతుందన్నది ఆ వయసులో నా ప్రశ్న.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్నలో విషయం ఉంది. స్టేజీ పద్యానికి తాళం ఉండదు. ఛందస్సు లోపల ఎముకల్లా ఉంటుందిగానీ, కాలితో తట్టడానికి దొరకదు. గాయకుడు ఎక్కడ ఆగుతాడో, ఏ మాట మీద ఎంతసేపు నిలబడతాడో హార్మోనియం వాయించేవాడికి కూడా ముందు తెలియదు. వెనకాలే వెతుక్కుంటూ వెళతాడు. ఇరవై ఏళ్ళవాడికి అలా వెతుక్కునే ఓపిక ఎక్కడిది?

ముప్పై దాటాక మొదట ఘంటసాల తలుపు తీశాడు. రాత్రి షిఫ్టుల్లో, సర్వర్లు ఎప్పుడు లేస్తాయా అని కూర్చునే వేళల్లో, "పుష్పవిలాపం" వినేవాణ్ణి. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవాడు, నాటకాల గాలి పీల్చినవాడు. కానీ గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాలు దాటితే కష్టం, సినిమాలోనూ అంత జాగా ఉండదు. అందుకని రాగాన్ని కత్తిరించి మాటకి పెద్దపీట వేశాడు. ఆ పద్యం నాలాంటివాళ్ళకి సులువుగా ఎక్కుతుంది. అక్కడితో ఆగిపోయేవాణ్ణేమో, ఉద్యోగం నన్ను బటాంగ్ బెర్జుంటై తీసుకెళ్ళకపోతే.

కౌలాలంపూర్ నుంచి వాయవ్యంగా యాభై కిలోమీటర్లు ఉంటుంది ఆ ఊరు. పక్కనే సెలంగోర్ నది. ఒకప్పుడు తగరం గనులు, రబ్బరు తోటలు. ఇప్పుడు గనులు పోయి నీటి గుంటలు మిగిలాయి, రబ్బరు పోయి పామాయిలు వచ్చింది. మలయ్‌లో బటాంగ్ అంటే మాను, బెర్జుంటై అంటే వేలాడేది. రెండూ కలిస్తే కుర్రాళ్ళకి ఇంకేదో అర్థం తోస్తుంది లెండి. 2007లో ఊరి పేరు బెస్తారి జయ అని మార్చారు. అయినా పెద్దవాళ్ళెవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు.

2017లో ఒక పామాయిలు మిల్లులో లారీ కాటా సాఫ్ట్‌వేర్ మార్చే పని మీద ఏడు నెలలు అక్కడున్నాను. గెలలు కోసిన దగ్గర నుంచీ ఆమ్లం పెరగడం మొదలవుతుంది, ఒక్క రోజు లోపు ఉడికించెయ్యాలి. అందుకని కాటా పది నిమిషాలు ఆగినా లారీల వరస రోడ్డెక్కుతుంది. ఓ సాయంత్రం టీ కొట్టులో కూర్చుని ఆ బాధంతా అమ్మకి ఫోన్లో మా యాసలో చెప్పుకుంటున్నాను. ఫోను పెట్టగానే పక్క బల్ల దగ్గర ముసలాయన తెలుగులో అడిగాడు:

"ఏ ఊరు బాబూ నీది?"

చెప్పాను.

"మా అయ్యదీ ఆ పక్కేనంట. నాను సూడ్నేదు."

ఆయనకి డెబ్బయ్ ఎనిమిదేళ్ళు. పుట్టింది అక్కడి రబ్బరు తోట లైను ఇళ్ళలో. చదివింది తోట బడిలో నాలుగేళ్ళు, అదీ తమిళంలో. తెలుగు అక్షరం రాదు. నోటి వెంట వచ్చే తెలుగు మాత్రం మా నాయనమ్మతో పాటే పోయిందనుకున్న తెలుగు. మధ్యలో "మకాన్ అయిందా" అని మలయ్ కలుస్తుంది. వాళ్ళ నాన్న పెళ్ళికాక ముందే ఓడెక్కి వచ్చాడట. 1938లో ఇండియా ప్రభుత్వం కూలీల వలస ఆపెయ్యక ముందు మాట అది.

రెండో ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. మామ్మగారు భోజనం పెట్టారు. తిన్నాక తాతగారు అరుగు మీద కూర్చుని, ఎవరూ అడగకుండానే, కాటి సీను ఎత్తుకున్నారు.

హార్మోనియం లేదు, మైకు లేదు. గొంతు కాస్త బొంగురు. పద్యం అయ్యాక రాగం... మా ఊళ్ళో నేను నిద్రపోయిన చోటు అది. ఈసారి మెలకువగా ఉన్నాను. రాగం పైకి వెళ్ళి, అక్కడ ఒక్క స్వరం పట్టుకుని, ఊపిరి అయిపోతుందని మనకే భయం వేసేదాకా ఉండి, మెట్టు మెట్టుగా దిగింది. పద్యంలో మాటలు చెప్పిన దుఃఖం చెవికి తెలిసింది. ఒంటికి పట్టింది మాత్రం రాగం నడిచినంతసేపే. రాగం లేకపోతే అర్థమైంది అనుకుని లేచి వెళ్ళిపోతాం.

తర్వాత నెలలన్నీ ఆదివారాలు అక్కడే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం ఫోన్లో పెట్టుకుని ఆయన పాడుతుంటే సరిచూసేవాణ్ణి, అదో వృత్తి రోగం. మత్తేభంలో పాదానికి ఇరవై అక్షరాలు, రెండో అక్షరం ప్రాస, పద్నాలుగో అక్షరం యతి. మా భాషలో చెప్పాలంటే చెక్‌సమ్. ఎక్కడైనా అక్షరం జారిపోతే పద్యమే పట్టిస్తుంది. తాతగారి నోట్లో ఒత్తులు అరిగిపోయాయి, "భ" లన్నీ "బ" లయ్యాయి, కొన్ని మాటలు అర్థం లేని మాటలయ్యాయి. లెక్క మాత్రం తప్పలేదు! అక్షరం రాని మనిషి ఇరవై అక్షరాలకి ఇరవై అప్పజెప్పేవాడు. ఇంకో విశేషం, ఆయన కాటి సీనులో జాషువా గారి పద్యాలు లేవు. మా ఊళ్ళో అవి లేకుండా కాటి సీను ఉండదు. బహుశా "శ్మశానవాటి" రంగస్థలం ఎక్కేలోపే వాళ్ళ నాన్న ఓడెక్కేసి ఉంటాడు.

ఒక్క పద్యంలో మాత్రం ఖాళీ ఉంది. మూడో పాదంలో నాలుగు అక్షరాలు. అక్కడ మాట లేదు, సన్నగా రాగం. సరిగ్గా నాలుగు అక్షరాల పొడవు రాగం, మళ్ళీ యతి దగ్గర మాట అందుకునేవారు. నాలుగైదు వారాలు విన్నాను, ఎప్పుడూ అంతే. మరిచిపోయారనుకుని ఓ రోజు ఆ మాట చదివి వినిపించాను. చితికి సంబంధించిన మాట.

"తెలుసు బాబూ" అన్నారు. "మా అయ్య ఆ మాట అనేవోడు కాడు."

జపాను వాళ్ళ రోజుల్లో, 1943లో, తోటలో కుర్రాళ్ళని సయాం తీసుకెళ్ళారు. బర్మా దాకా 415 కిలోమీటర్ల రైలు దారి. ఆ దారి కథ మనకి తెల్ల ఖైదీల కథగానే తెలుసు, సినిమాలు కూడా వాళ్ళ మీదే వచ్చాయి. మలయా తోటల నుంచి వేలకు వేలు వెళ్ళిన తమిళ, తెలుగు కూలీల పేర్లు చాలావరకు ఏ సమాధి రాయి మీదా లేవు. కలరా వచ్చిన గుడిసెల్లో శవాలని ఒక్కచోట వేసి కాల్చేవారట. తాతగారి నాన్నది ఆ పని. అంతకు ముందు తోటలో ఏటేటా హరిశ్చంద్రుడి వేషం కట్టిన మనిషి, తిరిగి వచ్చాక మళ్ళీ వేషం కట్టలేదు. సాయంత్రాలు లైను ఇంటి మెట్టు మీద కూర్చుని పాడుకునేవాడు. ఆ నాలుగు అక్షరాల దగ్గర రాగం తీసేవాడు. పదేళ్ళ కొడుకు పక్కన కూర్చుని, రాగంతో సహా నేర్చుకున్నాడు.

"మరి మీరైనా అనొచ్చు కదా తాతా?"

"నాను ఎలా అంతాను?" అన్నారు, నేనేదో అర్థం లేని ప్రశ్న వేసినట్టు. మామ్మగారు లోపల్నుంచి కాఫీ తెచ్చారు. నేను ఫోను జేబులో పెట్టేశాను.

ఇప్పుడు నా కారులో సుబ్బారావు గారూ, పీసపాటి నరసింహమూర్తి గారూ తిరుగుతున్నారు. మా ఆవిడ ఊరి సిగ్నల్ దాకా భరించి ఆపేస్తుంది. మా పాప చెవులు మూసుకుంటుంది, దాని హక్కు దానిది. నాన్న ఫోన్ చేసినప్పుడు ఏ పద్యం విన్నానో చెబుతాను. ఆయన ఆ రాగం ఎవరు బాగా తీసేవారో మొదలుపెడితే అరగంట.

ఊరు వదిలే ముందు తాతగారి పద్నాలుగు పద్యాలూ టైపు చేశాను. మనవరాలు షా ఆలంలో చదువుతోంది, ఆ పిల్లకి కావాలన్నారు. తెలుగు టైపింగ్ నాకు ఎవరూ నేర్పలేదు, "లేఖిని"లో తడుముకుంటూ నేర్చుకున్నదే. ఆ పిల్లకి మాత్రం తెలుగు రాదు, తమిళ లిపిలో "భ"కీ "ప"కీ తేడా కనపడదు. చివరికి మలయ్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలు వాడాను. వాళ్ళకి ఒక్క "సి" కొడితే "చ" అని పలుకుతారు, చంద్రమతికి అది బాగా కలిసొచ్చింది. పద్యాల చివర రాగానికి ఎన్ని "ఏ"లు కొట్టాలని అడిగితే, తాతగారు చాలాసేపు నవ్వి, మీ మిషను ఎన్ని పడితే అన్ని అన్నారు. మూడో పాదంలో ఖాళీ దగ్గర నాలుగు చుక్కలు పెట్టాను.

ఫైలు అందిన రాత్రే ఆ పిల్ల మెసేజి పెట్టింది. "అన్నా, ఆ చుక్కలు టైపింగ్ తప్పా?"

తాతగారిని అడగమన్నాను.