అటక మీది సైలెన్సర్

వారాసిగూడ సందుల్లో టర్బో కారుకు పరుగెత్తే చోటు లేదు. ఉస్మానియా వైపు ఖాళీ రోడ్డు దొరికితేనే దాని ఈల వినిపిస్తుంది. వృథాగా పోయే పొగతోనే చక్రం తిప్పి, ఇంజన్‌లోకి ఇంకాస్త గాలి దూర్చడం. టర్బో అంటే అంతే.

2004లో మన దేశానికి వచ్చిన స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 1.8 లీటర్ల ఇంజన్‌తో 150 హార్స్‌పవర్ ఇచ్చేది. కుర్రకారుకు అదీ చాల్లేదు. పెద్ద టర్బో, మార్చిన ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), వెడల్పాటి సైలెన్సర్... ఒక్కో జీతం ఒక్కో భాగమై బండిలో చేరింది.

అమ్మే రోజున లెక్క తిరగబడుతుంది.

"కంపెనీ పార్ట్స్ ఉన్నాయా అన్నా?" కొనేవాడి మొదటి ప్రశ్న ఇదే. పోసిన డబ్బుకు ధర పలకదు. విప్పి అటక మీద పడేసిన పాత సామానుకు పలుకుతుంది! చట్టమూ కొనేవాడి పక్షమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగింపు, దానికి ఆర్టీఏ తనిఖీ సరేసరి.

ఫారం 29, 30 మీద సంతకాలతో బండి చేతులు మారుతుంది. అయితే అమ్మింది కారునా, కుర్రతనాన్నా? యజమాని ఆ ఆలోచనలోనే ఉన్నాడు. అవతలి మనిషి మాత్రం టైర్లు ఇంకెన్నాళ్లు వస్తాయని బేరం మొదలెట్టాడు.