మాడుగుల మిరప మడిలో పూత రాలుడు

మిరప మొక్క పూసిన పూతంతా కాయ కాదు. మోయగలిగినంత నిలుపుకుని మిగతాది రాల్చుకోవడం దాని స్వభావం. రైతుకు దిగులు పుట్టించేది ఎండకో నీటి ఎద్దడికో తట్టుకోలేక చెట్టు కింద ఒక్కసారిగా పరుచుకునే పూత. అనకాపల్లి జిల్లా మాడుగుల దగ్గర, పాడేరు కొండల దిగువన బోరు నీటి మీద వేసిన వేసవి పచ్చిమిరప మడిలో కనిపించింది ఇదే.

రాలిన పువ్వును అరచేతిలో పెట్టుకుని చూస్తే తొడిమ పసుపుబారి ఉంది. ఊడిన చోట నున్నగా ఉంది, పురుగు కొరికిన ఆనవాలు లేదు. తొడిమ మొదట్లో సన్నటి కణాల పొర ఒకటి ఉంటుంది. పువ్వు నుంచి ఆక్సిన్ అనే హార్మోను దిగుతున్నంతసేపూ అది గట్టిగా ఉంటుంది. మొక్క ఒత్తిడికి గురైతే ఆక్సిన్ తగ్గి, ఎథిలీన్ వాయువు పెరిగి, ఆ కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి.

మిరపకు 20 నుంచి 30 డిగ్రీల వేడి అనుకూలం. పగలు 35 దాటితే పుప్పొడి సత్తువ తగ్గుతుంది. రాత్రి కూడా ఉక్కపోత తగ్గకపోతే పగలు తయారైన ఆహారం మొక్క శ్వాసకే ఖర్చయిపోతుంది. పుప్పొడి మొగ్గలోనే రూపుదిద్దుకుంటుంది కాబట్టి ఈ రోజు రాలిన పూతకు కారణం పోయిన వారపు ఎండ కావచ్చు. నిన్న కొట్టిన మందు మీదకు అనుమానం పోవడం సహజమే గానీ, చాలాసార్లు అది సరికాదు.

ఈ మడిలో ఎక్కువ చెప్పింది నేలే. ఎగువ గట్టు వైపు మట్టి పగుళ్లిచ్చింది. దిగువ సాళ్లలో మొక్కల మొదట్లో నీరు నిలిచింది. రెండు చోట్లా పూత రాలింది. ఎండిన వేరు నీరు అందించలేదు, మునిగిన వేరుకు గాలి ఆడదు. తేమ సమంగా ఉన్న నడిమి సాళ్లలో మాత్రం అదే ఎండకు పిందె నిలిచింది. యూరియా ఎక్కువైనా ఆకు ఏపుగా పెరిగి పూత నిలవదు. చెట్టు మీద ముదిరిన కాయలు ఎక్కువున్నా కొత్త పూతకు ఆహారం చాలదు. పచ్చికాయ వెంటవెంట కోయడం అందుకే మేలు.

పూత రాలినంత మాత్రాన వాతావరణానిదే తప్పనుకోకూడదు. 2021-22లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగులు పువ్వులోనే కాపురముంటాయి. పువ్వును తెల్ల కాగితం మీద దులిపితే కంటికి కనిపిస్తాయి.

పూత నిలవడానికి ప్లానోఫిక్స్ అనే హార్మోను మందును 4.5 లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున కలిపి పిచికారీ చేస్తారు. అది తొడిమకు తగ్గిన ఆక్సిన్‌ను కొంత భర్తీ చేస్తుందే తప్ప వేడికి చచ్చిన పుప్పొడిని బతికించలేదు, నిలిచిన నీటిని తీసేయలేదు. మోతాదు మించితే మొక్కకే చేటు. పూత రాలగానే మందుల దుకాణానికి వెళ్లేముందు రైతులు మొక్క మొదట్లో జానెడు లోతు తవ్వి తేమ చూడాలి, నాలుగు పువ్వులు దులపాలి.