బొమ్మలో పువ్వు ఏం చెబుతుంది?

పిల్లలూ! కరీంనగర్ నుంచి ఆదిలాబాదు వైపు ప్రయాణం చేసేవారు ఇది ఏ ఋతువో తెలుసుకోవడానికి పంచాంగం చూడనక్కరలేదు. దారి పొడవునా పూలే చెబుతాయి. వానలు వెనుకబట్టేసరికి గట్లమీద తంగేడు పచ్చగా విరబూస్తుంది. చేలల్లో గునుగు తెల్లని కుచ్చులు ఎత్తుతుంది. చలి తగ్గుతూనే బూరుగు ఆకులన్నీ రాల్చి ఎర్రని పూలు తొడుగుతుంది. హోళీనాటికి అడవిలో మోదుగ మండుతున్నట్టు పూస్తుంది. ఆ తరువాత ఇప్పపూలు తెల్లవారకముందే నేలరాలతాయి.

ఇన్ని పూలున్న సీమలో చిత్రకళ పుట్టడం వింత కాదు. అయితే చిత్రకారుడు బొమ్మలో పువ్వు ఎందుకు వేస్తాడు? అందం కోసమేనా? ఈ సంగతి తెలుసుకుంటూ నాతో నిర్మల్ దాకా రండి.

మొట్టమొదట బతుకమ్మను చూడండి. పళ్ళెంలో ఆకులు పరచి తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, బంతి ఒక వరుస పేరుస్తారు. గునుగు తెల్లగా ఉంటుంది గనుక ఆ కుచ్చులను రంగునీళ్ళలో ముంచి ఎరుపు, ఊదా, ఆకుపచ్చ చేస్తారు. ఏ రంగు పక్కన ఏ రంగు నిలుస్తుందో, ఎంత ఎత్తుకు ఎంత వెడల్పు కావాలో మీ అమ్మమ్మలకు ఏ బడిలోనూ నేర్పలేదు. చూసి నేర్చుకున్నారు. పైన పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుతారు. అప్పుడది పూలకుప్ప కాదు, బతుకునిచ్చే తల్లి. పువ్వుకు అర్థం వచ్చేది ఇలాగే. మనుషులు దానితో కలిసి బతికినందువల్ల వస్తుంది.

పాత కరీంనగర్ జిల్లాలో బూరుగుపల్లి అనే ఊరు ఉన్నది. పేరులోనే పూలచెట్టున్న ఆ ఊళ్ళో 1942లో తోట వైకుంఠం పుట్టారు. ఊరికి వచ్చే నాటకాల వాళ్ళు మొహాలకు రంగులు పూసుకొని ఆడవేషాలు కట్టడం ఆయన చిన్నతనంలో కళ్ళార్పకుండా చూసేవారు. హైదరాబాదులోనూ, తరువాత బరోడాలోనూ చిత్రకళ చదువుకున్నారు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వంటి గొప్ప చిత్రకారుడు ఆయనకు గురువు. అంత చదువుకున్న తరువాత ఆయన ఏం గీశారనుకున్నారు? తన పల్లెలోని ఆడవాళ్ళను! నుదుట పెద్ద కుంకుమబొట్టు, ఒంటినిండా నగలు, ముదురు రంగు చీర, కొప్పులో పూలు. ముందు బొగ్గుతోనో పెన్సిలుతోనో గీత కుదురుస్తారు. తరువాతనే రంగు. ఆ రంగులు కుంకుమ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. అన్నీ పల్లెటూరి రంగులే.

ఆ కొప్పులోని పువ్వు ఏం చెబుతుంది? ఇంట్లో శుభం ఉన్నదని చెబుతుంది, పండుగ అని చెబుతుంది. మన సమాజంలో ఒకప్పుడు భర్త పోయిన స్త్రీని పూలు ముడవనిచ్చేవారు కారు. అది మంచి ఆచారం కాదు. కాని చిన్న పూలదండమీద మనుషులు ఎంత బరువు మోపారో దానివల్ల తెలుస్తుంది. అందుచేతనే చిత్రంలో కొప్పున పూలు కనబడగానే, ఎవరూ చెప్పకుండానే మనకు ఆమె సంతోషం తెలిసిపోతుంది.

నేను బడిలో పనిచేసినన్నాళ్ళూ పిల్లలను పువ్వు గీయమంటే దాదాపు అందరూ ఒకటే గీసేవారు. నడుమ సున్న, చుట్టూ అయిదు రేకులు, కింద రెండాకులు. "ఇది ఏం పువ్వురా?" అంటే పేరు చెప్పలేకపోయేవారు. ఎందుచేతనంటే అది చెట్టున పూసినది కాదు, పక్కవాడి పలకమీద పూసినది! పేరులేని పువ్వు మనకేమీ చెప్పదు.

ఇక సోన్ దగ్గర గోదావరి దాటుదాం. దాటగానే నిర్మల్. 2016 దాకా ఇది ఆదిలాబాదు జిల్లాలోది. ఇప్పుడు తానే ఒక జిల్లా. ఇక్కడి పనివారు పొనికి అనే మెత్తని, తేలికైన చెక్కతో బొమ్మలు చేస్తారు. ముక్కలను విడివిడిగా చెక్కి అతికిస్తారు. చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, నున్నగా చేసి రంగులు వేస్తారు. నిర్మల్ చిత్రాలకు మరొక అందం ఉన్నది. చెక్కపలకకు ముందుగా నల్లరంగు పూసి, దానిమీద బంగారు వన్నెతో లతలు, పూలు తీరుస్తారు. పూర్వం ఆకులనుంచి, ఖనిజాలనుంచి రంగులు తీసేవారు; తరువాత డ్యూకో రంగులు వచ్చాయి. చీకటిలో దీపం ఎలా వెలుగుతుందో నలుపుమీద పువ్వు అలా వెలుగుతుంది.

నిర్మల్ చిత్రాలలో అజంతా పోలికలు కనిపిస్తాయి. ఆ రోజుల్లో అజంతా కూడా హైదరాబాదు రాజ్యంలోనే ఉండేది. అజంతా మొదటి గుహలో సుమారు 1,500 ఏళ్ళనాటి పద్మపాణి చిత్రం ఉన్నది. పద్మపాణి అంటే చేత పద్మం ధరించినవాడు. తామర బురదలో పుట్టినా బురద అంటకుండా ఉంటుంది. లోకం మధ్య ఉంటూ, దాని మలినం అంటని దయామూర్తి ఆయన అని ఆ ఒక్క పువ్వే చెబుతుంది. దూరదేశంలోనూ అంతే. హాలెండులో పుట్టిన వాన్ గో 1888లో, ఫ్రాన్సులోని తన ఇంటికి రాబోతున్న స్నేహితుడు గోగాన్ గదికోసం పొద్దుతిరుగుడు పూలు చిత్రించాడు. ఆ పూలు కృతజ్ఞతను చెబుతాయని అతడు భావించాడు.

నిర్మల్ నుంచి ఉత్తరంగా అడవిలోకి వెళితే గోండుల ఊళ్ళు. వారికి ఇప్పపువ్వు ఆహారం, పానీయం, పూజాద్రవ్యం. మోదుగపూలను ఉడికించి హోళీకి రంగు తీస్తారు. చూశారా, అక్కడ పువ్వే రంగుగా మారుతుంది!

కాని ఒక సంగతి చెప్పాలి. కలుపు చంపే మందులు వచ్చాక చేలల్లో గునుగు తగ్గిపోతున్నది. గట్లు చదునైతే తంగేడు ఎక్కడ నిలుస్తుంది? 2014లో తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. అయినా దాని పేరు తెలియని పిల్లలు పట్నాల్లో ఎందరో. పొనికి చెక్క సైతం పనివారికి దొరకడం కష్టమవుతున్నది. పువ్వు నేలమీద లేకపోతే కొన్నాళ్ళు బొమ్మలో ఉంటుంది. తరువాత బొమ్మలోనూ అది పక్కవాడి పలకమీది పువ్వయిపోతుంది.

అందుచేత ఒక పని చేయండి. ఈ ఆదివారం మీ ఊరి గట్టునో, చెరువునో, పక్కవారి పెరడునో పూసిన ఒక పువ్వును ఎన్నుకోండి. కోయకండి. దాని రేకులు లెక్కపెట్టండి. పొద్దున ఎలా ఉన్నదో, సాయంత్రం ఎలా ఉన్నదో చూడండి. దాని పేరేమిటో, దానిని దేనికి వాడేవారో మీ తాతనో నాయనమ్మనో అడగండి. ఆ మాటలన్నీ విన్న తరువాతనే పెన్సిలు పట్టండి. అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుంటే మరీ మంచిది. వారు మరిచిపోయిన పేర్లు కొన్ని వారికీ గుర్తుకు వస్తాయి.