నీలం డబ్బా

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే పిల్లలకు పండగ, తల్లులకు పరీక్ష. మా చిన్నతనంలో ఈ పరీక్షకు ఒకటే జవాబు ఉండేది: అవ్వగారి ఊరు. ఏప్రిల్ ఆఖర్న ట్రంకుపెట్టెతో పాటు పిల్లల్నీ బస్సెక్కిస్తే, జూన్‌లో బడి తెరిచేనాటికి నల్లగా, గట్టిగా తిరిగొచ్చేవాళ్లు. ఇప్పుడు అవ్వలే వచ్చి మనవళ్ల దగ్గర ఉంటున్నారు. అంచేత సెలవులకు కొత్త ఊరొకటి పుట్టింది. దాని పేరు వేసవి శిబిరం. సమ్మర్ క్యాంపు అంటే గానీ పిల్లలకు అర్థం కాదనుకోండి.

మేముండేది చాపాడులో, ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే దారిలో. ఆ మధ్య ఒక వేసవిలో ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడివాళ్లు క్యాంపు పెడుతున్నారని తెలిసింది. డ్రాయింగు, కోలాటం, చదరంగం, కరాటే, అన్నీ పదిహేను రోజుల్లోనే! పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం నాలుగింటికి వదిలిపెడతారట. ఆ ఏడు గంటల్లో నా నవల ఒక ప్రకరణమైనా ముందుకు జరుగుతుందని నా ఆశ. దాచడమెందుకు, మా పదేళ్ల పాప చదరంగం నేర్చుకోవాలన్న తపన కంటే ఆ ఆశే పెద్దది.

చేర్చుకునేటప్పుడు ఒక కాగితం ఇచ్చారు. పేరు, వయసు, తండ్రి పేరు, ఫోను. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో ‘ఆరోగ్య సమస్యలు ఏవైనా ఉంటే’ అని ఒక గీత.

పాపకు నాలుగో ఏట నుంచీ ఉబ్బసం. కె.సి. కాలువ కింద వరికోతలు మొదలై నూర్పిళ్ల దుమ్ము లేచిందంటే చాలు, రాత్రంతా పిల్లికూతలు. నేను కలం తెరిచానో లేదో, మా అత్తమ్మ పక్కన కూచుంది.

“ఆడబిడ్డకు ఆయాసముందని కాగితం మింద రాసిస్తావామ్మా? ఊరంతా తెలుస్తాది. రేపు దానికి పెండ్లి చేయొద్దా?”

మావారి వంక చూశాను. ఆయన పేపరు చదువుతున్నారు. చదువుతున్న పేజీలో ఏముందో ఆయనకూ తెలియదని నాకు తెలుసు.

నా నవలల్లో నాయికలు పెళ్లిపందిట్లోంచి లేచి వెళ్లిపోతారు. అత్తగారి మొహమ్మీదే నిజం చెబుతారు. అలాంటి నాయికల్ని డజను మందిని సృష్టించిన నేను, బి.ఏ. దాకా చదువుకున్న నేను, ఆ గీత మీద మూడంటే మూడక్షరాలు రాశాను: ‘ఏవీ లే’. ఆనక నాలుగోది కూడా పెట్టి ‘ఏవీ లేవు’ చేశాను.

అంతటితో ఊరుకున్నానా? క్యాంపుకు వెళ్లే రోజు పొద్దున నీలం రంగు ఇన్‌హేలర్‌ను పాప జామెట్రీ బాక్సులో దాచాను. స్పేసరని దానికి తగిలించే గొట్టం ఒకటుంటుంది, మంచినీళ్ల సీసా అంత. పిల్లలు ఆ గొట్టంలోంచి పీలిస్తేనే మందు గొంతులో ఆగిపోకుండా ఊపిరితిత్తుల దాకా చేరుతుంది. అది సంచిలో పెడితే అందరికీ కనబడుతుందని ఇంట్లోనే ఉంచేశాను. “ఎవరికీ చూపించొద్దమ్మా. అవసరమైతే బాత్రూములోకి పోయి పీల్చుకో” అని చెవిలో చెప్పాను. పాప బుద్ధిగా తల ఊపింది. మంచిపిల్ల, చెప్పిన మాట వింటుంది.

ఆరోరోజు మధ్యాహ్నం ఫోనొచ్చింది. నేను వెళ్లేసరికి పాప వరండాలో ఒక ఆయమ్మ ఒడికి ఆనుకుని నిటారుగా కూర్చుని ఉంది. పెదవులకు అప్పుడప్పుడే రంగు వస్తోంది.

జరిగిందేమిటంటే, మట్టినేల మీద కోలాటం ఆడించారు. దుమ్ము లేచింది. పాపకు ఊపిరి అందలేదు. సంచులన్నీ ఒక గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఉన్నాయన టీకి పోయాడు. టీచర్లు కంగారుపడి బెంచీ మీద పడుకోబెట్టి, చుట్టూ మూగి, నిమ్మకాయ సోడా తాగించబోయారు. వాళ్లను ఏమనను? వాళ్ల చేతిలో ఉన్న కాగితం మీద నా సంతకంతోనే ఏ రోగమూ లేదని ఉంది కదా!

ఊడ్చడానికి వచ్చిన ఆయమ్మ ఆ ఈలశబ్దం విని చీపురు కింద పడేసిందట. వాళ్లాయన ఎర్రగుంట్ల దగ్గర కడపబండల పాలీషు పనిలో చాలా ఏళ్లు చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. ఆ శబ్దం ఆమెకు రోజూ రాత్రి వినపడేదే. “పండుకోబెట్టొద్దండి సామీ, కుచ్చోబెట్టండి” అని పాపను లేవదీసింది. “నీ మందు యాడ పెట్టినావు నాయనా?” అని అడిగింది.

పాప చాలాసేపు చెప్పలేదట. ఊపిరాడక కాదు. చివరికి “అమ్మ ఎవరికీ చెప్పొద్దనింది” అందట.

ఈ మాట ఆయమ్మ నాకు మెల్లిగా, తప్పు తనదే అన్నట్టు చెప్పింది. ఇన్నేళ్లుగా రాస్తున్నాను. ఒక్క వాక్యం ఇంత బరువుంటుందని అప్పుడే తెలిసింది.

తాళం పగలగొట్టి మందు తీశారు. ఆ సాయంత్రం ప్రొద్దుటూరులోనే పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. “మందు లేక కాదమ్మా ఇంత జరిగింది. మందుందని తెలిసినవాళ్లు లేక” అన్నారు. ఆపైన ఒక్కొక్కటే చెప్పారు. ఆయాసం వస్తే బిడ్డను నిటారుగా కూర్చోబెట్టాలి. డబ్బా బాగా కుదిపి స్పేసరుకు తగిలించి, ఒక్కొక్క పఫ్ వదిలి, ఒక్కోదానికి నాలుగు ఊపిర్లు పీల్చనివ్వాలి. అలా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ నాలుగు. అప్పటికీ కుదుటపడకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి. 30 డిగ్రీలు దాటిన చోట డబ్బా ఉంచకూడదట. మా కడప జిల్లా మే నెలలో ఎండకు వదిలేసిన సంచి ఎంత కాగుతుందో మీకు చెప్పాలా?

“పంపు అలవాటు పడిపోతుందంటారు గదా సార్?” అని అత్తమ్మ తరఫున నేనే అడిగాను. ఆయన నవ్వి, “ఇదే మందు మాత్రగా మింగితే 2 మిల్లీగ్రాములు. ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అంటే ఇరవయ్యో వంతు. ఎక్కువ దేనికి భయపడాలో మీరే చెప్పండి” అన్నారు. లెక్కల్లో నాకెప్పుడూ అత్తెసరు మార్కులే. ఆ లెక్క మాత్రం అర్థమైంది.

ఆ రాత్రి కూర్చుని ఒక కాగితం రాశాను. నా రచనల్లో అన్నిటికంటే పొట్టిది అదే. పాప పేరు, జబ్బు పేరు, దేనివల్ల వస్తుంది, వచ్చినప్పుడు ఎలా ఉంటుంది, ఏ మందు, ఎన్ని పఫ్‌లు, ఎంతసేపు చూడాలి, ఎవరికి ఫోను చేయాలి. కింద ఒక విన్నపం: మందు తాళం వేసిన గదిలో కాదు, పాప నడుముకు కట్టిన చిన్న సంచిలో ఉంటుంది, దయచేసి తీయించకండి. మర్నాడు అది క్యాంపు మేడమ్‌కు ఇచ్చి, పాత కాగితం మీద నేను రాసింది అబద్ధమని చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు వణికింది.

గేటు దగ్గర నిలబడ్డ తల్లులు విన్నారు. విని ఊరుకుంటారనుకున్నాను. ఒకామె నన్ను చెట్టుకిందికి పిలిచి, “అక్కా, మావాడికి షుగరు. పుట్టిన మూడేళ్లకే వచ్చింది. నేనూ రాయలేదు” అంది. కరెంటు పోయినప్పుడు ఇన్సులిన్ చెడిపోకుండా తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో దాస్తుందట. చక్కెర తినొద్దని చెప్పే పిల్లాడి జేబులోనే చక్కెర పొట్లం పెట్టి పంపుతుంది, ఆటల్లో ఒళ్లు వణికి చెమటలు పడితే వెంటనే నోట్లో వేసుకోమని. కానీ ఆ చక్కెర ఎందుకో క్యాంపులో ఎవరికీ తెలియదు. దొంగతనంగా తింటున్నాడని ఒక టీచరు లాక్కున్నారు కూడానట.

ఇంకొకామె కూతురికి ఫిట్స్. మందు పొద్దున, రాత్రి ఇంట్లోనే వేస్తుంది. “క్యాంపులో మందు ఇయ్యాల్సిన పని లేదక్కా. ఒకవేళ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టకుండా, నోట్లో ఏమీ కుక్కకుండా పక్కకు తిప్పి పండుకోబెడితే చాలు. అది చెప్పడానికే నోరు రాలేదు” అంది.

జబ్బుల్లేని పిల్లల తల్లులకూ చెప్పాల్సిన సంగతులు ఉన్నాయని తేలింది. ఒకామె జ్వరం సిరప్ సీసా ఇచ్చి “ఒక స్పూను వేయండి” అని చెప్పి పోయింది. పారాసిటమాల్ 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్న సీసా ఉంది, 250 ఉన్నదీ ఉంది. పైగా బిడ్డ బరువును బట్టి ఇవ్వాలి. ఏ సీసా, ఏ స్పూను? ఎండదెబ్బకని కొందరు ఓ.ఆర్.ఎస్. అని రాసున్న తీపి డబ్బాలు పంపేవారు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో గానీ ఆ తీపినీళ్ల మీద ఆ మూడక్షరాలు వేయకూడదని ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ ఉత్తర్వు ఇవ్వలేదు. చూశారా, డబ్బా మీద ఉన్నదొకటి, లోపలున్నదొకటి. నేను నింపిన కాగితం లాగే.

ఆ మూడోవారం నుంచి క్యాంపు ఆఫీసులో గోడకు ఒక పట్టిక వేలాడింది. పిల్లల పేర్లు, మందులు, వేళలు. ఆయమ్మ తనకు చదువు రాదని ఎవరెవరికి ఏమిటో పిల్లల చేతే చెప్పించుకుని గుర్తుపెట్టుకుంది. నన్నడిగితే ఆ పట్టిక కంటే ఆమె జ్ఞాపకమే గట్టిది.

అత్తమ్మ సంగతి చెప్పలేదు కదూ. ఆమె వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మృగశిర కార్తె దగ్గర పడుతుంటే, ఎప్పటిలాగే హైదరాబాదు చేపమందు మాట ఎత్తింది. నేనేమీ అనలేదు. పాపే జేజిని పక్కన కూర్చోబెట్టుకుని, స్పేసరుకు డబ్బా ఎలా తగిలించాలో, ఎన్నిసార్లు ఊపిరి పీల్చాలో నేర్పింది. జేజి రెండుసార్లు తప్పు చేసి, మూడోసారికి సరిగ్గా చేసింది.

మరుసటి వేసవిలో పాప మళ్లీ క్యాంపుకు బయలుదేరింది. వీధి మలుపు దాకా వెళ్లిందో లేదో, అత్తమ్మ అరుగు మీద నిలబడి, ఎదురింటివాళ్లూ పక్కింటివాళ్లూ తలుపులు తీసి చూసేంత గట్టిగా కేకేసింది.

“పాపా! నీలం డబ్బా పెట్టుకున్యావా?”