భాగ్యనగరమున బస్సుకై నిరీక్షణము

పాఠశాలలకు సెలవు లిచ్చినందున మేము పదిదినములు హైదరాబాదులో బంధువుల యింట నుంటిమి. చార్మినారు, సాలార్‌జంగు ప్రదర్శనశాల మొదలగువానిని గూర్చి సోదరీమణులు మున్నే చదివి యుందురు. కావున వానిని విడిచి, అచటి స్త్రీల దినమున పెద్దపాలు మ్రింగివేయు బస్సులను గూర్చి నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

నగరమునకు బస్సు క్రొత్తది కాదు. 1932లో నిజాము రైల్వేవారు 27 బండ్లతో ఈ యేర్పాటు నారంభించిరి. బండ్ల సంఖ్యాఫలకముపై నుండు 'జడ్' అను అక్షరము నిజాము తల్లి జహరాబేగము పేర వచ్చినదని చెప్పుకొందురు. తల్లిపేరు మోయు బండిలో ఆడువారికి నిలువ జోటు లేకుండుట వింతయే!

2023 డిసెంబరు 9వ తేదీ మొదలు తెలంగాణ ప్రభుత్వమువారు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము కల్పించిరి. ఆధారుకార్డు చూపిన జీరో టిక్కెట్టు ఇత్తురు. చార్జీకై భర్త ముఖమో కొడుకు ముఖమో చూడవలసిన యిల్లాలు నేడు ఎవ్వరి నడుగక పుట్టింటికో వైద్యశాలకో బయలుదేఱుచున్నది. ఇది సామాన్యలాభము కాదు. అయితే ఎక్కువారు పెరిగినంత వేగముగ బండ్లు పెరుగలేదు. "ఊరక వచ్చెను గనుక ఊరక తిరుగుచున్నారు" అని వెనుకతలుపున నిలిచిన పురుషులు గొణుగుట మేము చెవులార వింటిమి. ఉదయము ఏడుగంటలకు ముందుతలుపు పట్టుకొని వ్రేలాడుచున్నవారో, ఇండ్ల పనికి పోవువారు, రాత్రిడ్యూటీ దిగిన నర్సులు, కళాశాల బాలికలు. ఊరక తిరుగువారెవ్వరో మాకు గానరాలేదు. పుష్పకవిమానమున నెందఱెక్కినను ఇంకొకరికి చోటుండు నందురు; "జర లోపటికి జరుగుండ్రి అమ్మా, మస్తు జాగున్నది" అని కండక్టరమ్మ కేకవేసినపుడెల్ల మాకు ఆ విమానమే జ్ఞప్తికి వచ్చెడిది.

ఇఱుకుకంటె నిరీక్షణమే యెక్కువ బాధ. ఒక సాయంకాలము మేము నిలిచిన స్టాపున ముప్పాతికగంట ఒక్క బండియు రాక, పిదప ఒకే మార్గపువి మూడు వరుసగ వచ్చినవి. మొదటిది క్రిక్కిఱిసి యుండెను. మూడవది దాదాపు ఖాళీ. మావారు లెక్కల పంతులు గనుక దీని మర్మము విప్పిచెప్పిరి. ముందుబండి ఎచ్చటనో చిక్కి ఆలస్యమైన, తరువాతి స్టాపులో జనము హెచ్చుగ చేరుదురు. వారెక్కువఱకు మఱింత ఆలస్యము. వెనుకబండికి మిగులువారు కొద్దిమంది గావున అది చురుకుగ వచ్చి దీనిని కలిసికొనును. విందులో అన్నము వడ్డించువా రొక విస్తరికడ నాగిన, పప్పుగిన్నెయు పులుసుగిన్నెయు అచ్చటనే గుమిగూడునట్లన్నమాట! నడుమ నొకచోట వెనుకబండిని కొంతసేపు నిలిపి దూరము సవరించుటయే దీనికి మందు. అందుకు కాలపట్టికలో కొంత వెసులుబాటు ఉండవలెను గదా!

2017 నవంబరునుండి మెట్రో రైలు నడుచుచున్నది. దానిలో నీ ఉచితము చెల్లదు. స్టేషనుకు దూరముగ నుండువారికి మరల బస్సే గతి.

ఆ స్టాపుననే మా ప్రక్కన ఒక పనిమనిషి నిలిచి యుండెను. సాయంకాలము మూడిండ్లలో అంట్లు తోమునట. "టిక్కెట్టు పైసలు మిగిలినవి గదా, అమ్మా!" అంటిమి. "మిగిలినయి. గాని లేటైతె ఇంకొకల్లను పెట్టుకుంటరమ్మా. బస్సు రాలేదంటె ఎవరింటరు?" అనినది. ఇంతలో ఫోను మ్రోగెను. అవతలివారి మాట మాకు వినబడలేదు. "వస్తున్న, వస్తున్న" అని రెండుమారులు చెప్పి, ఫోను కొంగున ముడివేసికొని, బస్సు వచ్చు దిక్కు వదలి ఇంటిత్రోవ పట్టినది.