అమ్మ చీరలకో అట్టముక్క

బొంత కుట్టాలంటే ఏం కావాలి? పాత చీరలు, సూది, దారం అంటారెవరైనా. నాగాయలంకలో పుట్టి గుడివాడ కోడలైన ఒకావిడ దగ్గర అవన్నీ ఉన్నాయి. లేనిదల్లా కొలతకి పెట్టుకునే అట్టముక్క.

వాళ్ళమ్మ పోయాక మిగిలిన నూలు చీరల్ని అక్కచెల్లెళ్ళిద్దరూ చెరి ఎనిమిదీ పంచుకున్నారు. అన్నీ 1977 తర్వాత కొన్నవే. అంతకు ముందువి ఆ నవంబరు 19న ఉప్పెన పట్టుకుపోయింది. దివిసీమలో చాలా ఇళ్ళల్లో పాత బట్టల లెక్క అక్కణ్ణుంచే మొదలు. వాటిమీద కత్తెర పెట్టాలంటే చెయ్యి ఆడుతుందా!

మామూలు బొంతయితే చీరలు మడతలు పేర్చి పొడుగ్గా కుట్లు వేసుకుపోవడమే. ఈవిడ అనుకున్నది ముక్కల బొంత. నాలుగంగుళాల చదరాలు, వరసకి పన్నెండు. మొదట పెళ్ళికార్డు కత్తిరించింది. పాతిక ముక్కలు గీసేసరికి పెన్సిలు ఒరిపిడికి అంచు అరిగింది, మూలలు మొద్దుబారాయి. పైగా వానాకాలం తేమకి అట్ట ఉబ్బుతుంది. ముక్కకి రెండు మిల్లీమీటర్ల తేడా అంటే నవ్వొస్తుంది. పన్నెండు ముక్కలకి అది ఇరవై నాలుగు, దాదాపు అంగుళం! పక్క వరసతో ఇక కలవదు.

బందరు పక్కనున్న పెడనలో కలంకారీ అచ్చుల్ని టేకుతో చెక్కేది ఇందుకే. ఎన్నిసార్లు అద్దినా గీత కదలకూడదు. ఇంగ్లీషువాళ్ళు బందరులో కొట్టు పెట్టింది 1611లో. ఈ తీరపు అద్దకం బట్టలు ఆ తర్వాత యూరప్‌లో దుప్పట్లుగా, బొంతలుగా మారాయి. ఆ రోజుల్లో బొమ్మని కాగితంమీద గీసి, గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి, పైన బొగ్గుపొడి అద్దేవారు. బట్టమీద చుక్కలు పడేవి. ఒకే కాగితంతో ఎన్ని బట్టలైనా.

ఇంట్లో టేకు ఎక్కడ తెచ్చేది? ఐస్‌క్రీము డబ్బా మూత అంచు అరగలేదు గానీ మధ్యలో ఉబ్బెత్తు అక్షరాలుండి సరిగా ఆనలేదు. చివరికి దొరికింది పాత ఎక్స్‌రే ఫిల్ము. కత్తెరకి తెగుతుంది, తేమకి ఉబ్బదు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "అది మీ మామయ్యగారి మోకాలమ్మా! డాక్టరుగారికి చూపించాలేమో అడిగి కొయ్యి." అడిగాకే కోసింది.

నున్నటి ఫిల్ము బట్టమీద జారుతుంది. అడుగున గరుకు కాగితం అంటించాక నిలిచింది. గీసిన గీతే కుట్టు గీత. దానికి పావంగుళం బయటగా కత్తిరించాలి. అట్ట సరిగ్గా చదరమో కాదో చూసేందుకో చిట్కా ఉంది. ఒకసారి గీసి, అట్టని పావు చుట్టు తిప్పి అదే గీతలమీద పెట్టాలి. నాలుగువైపులా కలిస్తే సరే. ఇస్త్రీపెట్టె దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకూడదు, వంకర్లు పోతుంది.

అవనిగడ్డ చెల్లెలు ఫోను చేసి, "అక్కా, నాకూ ఒకటి కోసిపెట్టవే" అంది.

"కొత్తది కోస్తే వెంట్రుకవాసి తేడా వస్తుందే. నా పని కానీ, ఇదే పట్టుకుపోదువుగాని."

బందరులో బంధువుల పెళ్ళికి వచ్చినప్పుడు చెల్లెలు పట్టుకెళ్ళింది. ఎనిమిది చీరల ముక్కలూ గీసినా మూలలు నాలుగూ పదునుగానే ఉన్నాయి.